పాటల పెట్టె, మూడో బేరింగు

"ఇది పాతది," అన్నాడు పాటల డిస్కులమ్మే ప్లేట్ల బాబాయి, కౌంటర్ వెనక నుంచి చెయ్యి చాచి యాంప్లిఫయర్ నాబ్‌ని ఎడమకి తిప్పుతూ. పది లెక్కపెట్టేంతసేపు ఆగి కుడికి తిప్పాడు. "ఇది కొత్తది. ఎలా ఉంది మేస్త్రీ?"

చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించుకుని స్టూలు మీద కూర్చున్న మేస్త్రికి ఎలాగూ అనిపించలేదు. పాట పాటలాగే ఉంది. ముప్ఫై ఏళ్లుగా వింటున్న గిటారు, ముప్ఫై ఏళ్లుగా వింటున్న డ్రమ్ములు. ఎడమకి తిప్పినా అదే, కుడికి తిప్పినా అదే.

"ఇంకోసారి తిప్పు బాబాయ్."

బాబాయి మళ్లీ తిప్పాడు. ఆ రాక్ బ్యాండు పాటలన్నిటినీ పాత టేపుల్లోంచి తీసి, దుమ్ము దులిపి, మళ్లీ మెరుగు పెట్టి పదకొండు డిస్కుల పెట్టెగా తెచ్చి మూడు వారాలైంది. నల్ల అట్టపెట్టె, లోపల లావుపాటి ఫొటోల పుస్తకం, గోడకి అంటించుకునే బొమ్మ. ధర చూస్తే ఎవరికైనా గొంతులో తడి ఆరిపోతుంది. అందుకే బాబాయి ఈ ఏర్పాటు చేశాడు. రెండు ప్లేయర్లు పక్కపక్కన పెట్టి, ఒకదాంట్లో పాత డిస్కు, ఇంకోదాంట్లో పెట్టెలోని కొత్త డిస్కు వేసి, రెండు చేతుల్తో రెండిటినీ ఒక్కసారే మొదలెడతాడు. నాబ్ ఎటు తిప్పితే అది వినిపిస్తుంది. విను, తేడా నచ్చితే కొను, లేకపోతే మానెయ్. వ్యాపారంలో ఇంతకన్నా ధర్మం ఎక్కడుంటుంది అని అతనికే తన మీద గౌరవం పెరిగింది.

"నక్కకీ నాగలోకానికీ ఉన్నంత తేడా," అన్నాడు కిటికీ దగ్గర నిలబడ్డ రిటైర్డ్ లెక్చరర్. ఆయన పెట్టె కొన్న మొదటివాడు. ఆ తర్వాత నుంచి రోజూ వచ్చి, కొనబోయేవాళ్ల మొహాలు చూస్తూ నిలబడటం ఆయనకి పనైపోయింది. "పాతదాంట్లో గోడ అవతల వాయిస్తున్నట్టుంటుంది. కొత్తదాంట్లో మన ఒళ్లో కూర్చుని వాయిస్తారు. ఈ తేడా కూడా తెలీలేదంటే మేస్త్రీ, పాటల కొట్టుకి కాదు, చెవుల డాక్టరు దగ్గరికి వెళ్లాలి."

కొట్టులో ఉన్న ఇద్దరు ముగ్గురూ నవ్వారు. మేస్త్రి కూడా నవ్వాడు. నవ్వుతూనే హెడ్‌ఫోన్లు తీసి, వాటి తీగని ఒద్దికగా చుట్టి కౌంటర్ మీద పెట్టాడు.

"ఇంజన్ల మధ్య బతికే చెవులు కదా, పాపం," అన్నాడు బాబాయి ఓదార్పుగా. ఆ ఓదార్పు లెక్చరర్ మాటకన్నా లోతుగా దిగింది.

ఎందుకంటే బస్సు డిపోలో అతనికి చెవి మేస్త్రి అని పేరు. పొడవాటి స్క్రూడ్రైవర్ మొనని ఇంజన్‌కి ఆనించి, పిడిని చెవి వెనక ఎముకకి నొక్కి, కళ్లు మూసుకుని అరనిమిషం నిలబడితే చాలు. ఏ వాల్వు, ఏ బేరింగు, ఏ గేరు పన్ను అన్నది చెప్పేస్తాడు. మిషన్ పెట్టి చూసేది ఆ తర్వాత, కాగితం మీద రాసుకోడానికి. అలాంటి చెవికి, పదిమందికి వినపడిన తేడా వినపడలేదు.

ఆ శనివారం ఇంటికి వచ్చేసరికి భార్య బట్టలు మడతపెడుతోంది. ఆవిడ లైబ్రరీలో కౌంటర్ దగ్గర పని చేస్తుంది. పాతికేళ్లుగా అక్కడ గుసగుసగా మాట్లాడీ మాట్లాడీ ఇంట్లో కూడా గొంతు పెంచడం మర్చిపోయింది. ఆవిడ రెండుసార్లు పిలవందే పలకడం మేస్త్రికి పెళ్లయిననాటి నుంచీ అలవాటు లేదు.

"పెట్టె ఏదండీ?"

"కొనలేదు."

"అది రాబోతోందని ఆరు నెలల నుంచీ నిద్రలో కూడా కలవరించారుగా. ఫ్రిజ్ వచ్చే ఏడాది మారుద్దాం అని నాతో ఒప్పించుకున్నారు కూడా."

"పాతదానికీ దానికీ తేడా ఏం లేదు," అన్నాడు. అని, ఆ మాట తన నోట్లోంచి వచ్చిన తీరు తనకే నచ్చక, మొహం కడుక్కోవడానికి వెళ్లాడు.

ఆదివారం పొద్దున భార్య వంటింట్లోంచి "ఏమండీ" అనగానే "ఆఁ" అన్నాడు. మంచినీళ్ల సీసా నిండిందా అంటే నిండిందన్నాడు. ఆవిడ తనలో తాను ఏదో గొణుక్కుంటే, "గరిటె ఎక్కడుందో నాకు తెలీదు" అని హాల్లోంచి జవాబిచ్చాడు. ఆవిడ చేతులు తుడుచుకుంటూ గుమ్మంలోకి వచ్చి నిలబడి, మొగుణ్ణి ఎగాదిగా చూసింది.

"ఒంట్లో బాగుందా మీకు?"

ఆవిడ బజారుకి వెళ్లాక హాల్లో గోడ గడియారం కింద నిలబడ్డాడు. టిక్కుటిక్కుమంటోంది. ఒక అడుగు వెనక్కి వేశాడు, వినపడుతోంది. ఇంకో అడుగు. వంటింటి గుమ్మం దాకా వినపడింది. మెట్ల దగ్గరికి వెళ్లాక ఆగిపోయింది. అక్కడి దాకా ఎవరికైనా వినపడుతుందా, తనకే వినపడలేదా అన్నది తేల్చడానికి రెండో మనిషి కావాలి. రెండో మనిషిని పిలిస్తే సంగతి చెప్పాలి. అందుకని గడియారాన్నే అనుమానించాడు, బ్యాటరీ మార్చాడు. మార్చినా మెట్ల దగ్గర అదే తంతు.

సోమవారం డిపోకి వెళ్లేసరికి ఇరవై ఏడో రూటు బస్సు షెడ్డులో ఉంది. ఇంజన్ మూత తీసి ఉంది. పక్కన దాన్ని నడిపే డ్రైవరమ్మ నిలబడి ఉంది, టోపీ చేతిలో పట్టుకుని. పదకొండేళ్లుగా నడుపుతోంది, బండికి గీత పడనివ్వలేదని పేరు. ఆవిడకి ఎదురుగా కొత్త ఇంజనీరు, చేతిలో కాగితాల అట్ట.

"ఆయిల్ చూసుకోకుండా నడిపింది మేస్త్రీ," అన్నాడు ఇంజనీరు. "బేరింగులన్నీ ఎండిపోయి కొట్టుకుంటున్నాయి. ఇంజన్ పోయినట్టే. మొత్తం విప్పి బిగించి ఓవర్‌హాల్ చేసి మూడు వారాలు కూడా కాలేదు."

"ఆయిల్ రోజూ చూస్తాను సార్," అంది డ్రైవరమ్మ. గొంతులో తడబాటు లేదు. "మేస్త్రీ గారూ, మీరు ఒకసారి విని చెప్పండి. ఇది మొన్నటి నుంచే చిన్నగా మొదలైంది. నేను పుస్తకంలో రాశాను కూడా. ఎవరూ చూడలేదు."

మేస్త్రి స్క్రూడ్రైవర్ తీశాడు. ఇంజన్ స్టార్ట్ చేయించి, మొనని ఒక్కో చోట ఆనిస్తూ వెళ్లాడు. ఒకటోది శుభ్రంగా ఉంది. రెండోది కూడా. మూడో దగ్గర టకటకమని ఎముకకి తగిలింది. నాలుగు, అయిదు, ఆరు, అన్నీ మామూలే. మళ్లీ మూడుకి వచ్చాడు. అదే, అక్కడే.

ఇది డిపోలో అందరికీ తెలిసిన లెక్క. ఆయిల్ లేక ఎండితే బేరింగులన్నీ కలిసే ఏడుస్తాయి. ఒక్కటే కొట్టుకుంటే అది బిగింపులో దోషం, డ్రైవరు తప్పు కాదు. శుక్రవారం దాకా అయితే మేస్త్రి ఈపాటికి స్క్రూడ్రైవర్ జేబులో పెట్టుకుంటూ, "మూడోది సార్. విప్పండి," అని టీకి వెళ్లిపోయేవాడు.

"మూడో దగ్గర ఎక్కువగా ఉన్నట్టుంది," అన్నాడు.

"మూడో దగ్గరే ఉందా, మిగతావాటి దగ్గర కూడా ఉందా?"

నాలుగో దాని దగ్గర మళ్లీ పెట్టాడు. ఏమీ లేదు. ఏమీ లేదా, తనకి వినపడటం లేదా. లెక్చరర్ నవ్వు గుర్తొచ్చింది.

"ఖచ్చితంగా చెప్పలేను సార్," అన్నాడు.

షెడ్డులో ఆ మాట అతని నోట ఎవరూ విని ఉండరు. పక్క బండి కింద పడుకుని పని చేస్తున్న ఫిట్టర్ కూడా తల బయటికి పెట్టి చూశాడు. డ్రైవరమ్మ అతనివైపే చూస్తూ ఉంది. ఇంజనీరు కాగితం మీద రాసుకున్నాడు. గురువారం పదింటికి విచారణ. ఆవిడ తప్పని తేలితే ఉద్యోగం పోతుంది. ఆ మధ్యాహ్నమే ఇంజన్ పెద్ద వర్క్‌షాపుకి వెళ్లిపోతుంది, అక్కడ పాత ఇనుములో కలుస్తుంది. మేస్త్రి అనుమానం ఉందని రాసి సంతకం పెడితే తప్ప డిపోలో ఇంజన్ విప్పకూడదన్నది నియమం.

మంగళవారం రెండు బస్సుల్ని వినకుండానే మిషన్ దగ్గరికి పంపాడు. మధ్యాహ్నం టీ దగ్గర డ్రైవరమ్మ ఎదురుపడింది. నమస్కారం పెట్టింది, అంతే. తిట్టి ఉంటే బాగుండేదనిపించింది. అందరూ అనుకుంటున్నది అతని దాకా వచ్చింది. మేస్త్రికి తెలుసు, ఓవర్‌హాల్ చేసింది వాళ్ల షెడ్డేగా, తమవాళ్ల మీదికి వస్తుందని నోరు మూసుకున్నాడు అని. ఓవర్‌హాల్ చేసిన నలుగురు ఫిట్టర్లలో తనూ ఒకడు. జనం మాటకి కోపం వచ్చింది. చెవుడని తెలిసేకన్నా పిరికివాడని అనుకోవడమే నయమని ఒక్క క్షణం అనిపించింది. అలా అనిపించినందుకు సిగ్గేసింది.

సాయంత్రం భార్య ఎదురుగా కూర్చుంది.

"మూడు రోజులుగా పిలిస్తే పలుకుతున్నారు. ఇక చెప్పండి."

చెప్పాడు. పెట్టె సంగతి, నాబ్ సంగతి, లెక్చరర్ మాట, గడియారం, డ్రైవరమ్మ. ఆవిడ తన మామూలు గుసగుస గొంతుతోనే అడిగింది.

"నేను ఇప్పుడు మాట్లాడేది వినపడుతోందిగా?"

"వినపడుతోంది."

"నేను మాట్లాడేది మా లైబ్రరీలో సగంమందికి వినపడదు. ఏంటమ్మా, ఏంటమ్మా అని ముందుకి వంగుతారు," అంది ఆవిడ. "డాక్టరు దగ్గరికి వెళ్దాం, అది వేరు. అపాయింట్‌మెంట్ వచ్చేసరికి పదిరోజులు పడుతుంది. ఆవిడకి ఎల్లుండే కదా. మీకు అనుమానం ఎక్కడ పుట్టిందో అక్కడికే వెళ్లి మళ్లీ వినండి. అప్పుడు కంగారుగా విన్నారు. ఈసారి పాట వినకండి, మీరు ఇంజన్ వినేలా వినండి."

బుధవారం డ్యూటీ దిగి, చేతులకి గ్రీజు పూర్తిగా వదలకుండానే కొట్టుకి వెళ్లాడు. లెక్చరర్ తన చోటులో తను ఉన్నాడు.

"డాక్టరేమన్నాడు మేస్త్రీ?"

"ఇంకా వెళ్లలేదు సార్. బాబాయ్, ఇంకోసారి వినాలి. నేను కళ్లు మూసుకుంటాను. నువ్వు ఎప్పుడు తిప్పావో చెప్పకుండా తిప్పు."

బాబాయి రెండు చేతుల్తో రెండు ప్లేయర్లనీ నొక్కాడు. మేస్త్రి కళ్లు మూసుకున్నాడు. మొదట పాట లాక్కుపోయింది. దాన్ని వదిలించుకుని డ్రమ్ముల మీద నిలబడ్డాడు. దెబ్బ, దెబ్బ, మధ్యలో ఖాళీ. ఖాళీని వింటూ కూర్చున్నాడు. పాటంతా అయ్యేదాకా కళ్లు తెరవలేదు.

"ఎన్నిసార్లు తిప్పావు?"

"తొమ్మిదిసార్లు," అన్నాడు బాబాయి. "ఒక్కసారీ పట్టుకోలేదా?"

"లేదు," అన్నాడు మేస్త్రి. అతని మొహంలో మాత్రం ఏదో కదిలింది. "బాబాయ్, ఈ రెండిటినీ చేత్తోనేగా మొదలెట్టావు? నువ్వు ఎంత ఒక్కసారే నొక్కినా ఒకటి వెంట్రుకవాసి ముందుంటుంది, ఒకటి వెనకుంటుంది. రెండు బస్సులు ఒకేసారి బయల్దేరదీసినా ఒకే అడుగు వెయ్యవు. నువ్వు ఇటునుంచి అటు తిప్పినప్పుడు దెబ్బ ఎక్కడో ఒకచోట తడబడాలి. తొమ్మిదిసార్లు తిప్పితే ఒక్కసారన్నా తడబడాలి. తడబడలేదు."

"అంటే?"

"అంటే నేను విన్నది రెండు డిస్కులు కాదు. ఒకటే."

లెక్చరర్ పెద్దగా నవ్వాడు. "ఆడలేక మద్దెల ఓడు."

మేస్త్రి స్టూలు దిగాడు. కౌంటర్ పక్కగా వెళ్లి నాబ్ మీద తనే చెయ్యి వేశాడు. ఎడమకి తిప్పాడు. వెన్నలో వేలు తిప్పినట్టు తిరిగింది. అలాంటి మీట మారేటప్పుడు లోపల టిక్కుమని పడాలి. పడలేదు. నాబ్‌ని రెండు వేళ్లతో పట్టి లాగితే చేతిలోకి ఊడి వచ్చింది. దాని పక్కన ఉండే ఆవగింజంత స్క్రూ వదులైపోయింది. పైన టోపీ మాత్రమే తిరుగుతోంది, లోపలి ఇరుసు తిరగడం లేదు. చొక్కా జేబులోంచి చిన్న స్క్రూడ్రైవర్ తీసి బిగించాడు. ఎడమకి తిప్పాడు. టిక్కుమంది.

హెడ్‌ఫోన్లు పెట్టుకోనక్కర్లేకుండా స్పీకర్లు వేశాడు బాబాయి. మరో పాట మొదలైంది. ఎడమన గోడ అవతల వాయిస్తున్నట్టు ఉంది. కుడికి తిప్పగానే దెబ్బ ఒక్క వెంట్రుకవాసి తడబడి, వాయించేవాళ్లు గదిలోకి వచ్చేశారు. తేడా ఉంది. చాలా ఉంది. బాబాయి నోరు తెరిచి, నాబ్‌ని అటూ ఇటూ ఓ పదిసార్లు తిప్పాడు.

"మూడు వారాలు," అన్నాడు చివరికి. "మూడు వారాలుగా అందరికీ కొత్తదానికీ కొత్తదానికీ తేడా వినిపించాను. అందరికీ వినపడింది."

కొట్టులో ఉన్నవాళ్లు లెక్చరర్ వైపు చూశారు. ఆయన కళ్లజోడు తుడుచుకున్నాడు. "నాకు మొదటిరోజే చిన్న అనుమానం కలిగింది," అన్నాడు.

మేస్త్రికి ఎవరి మీదా కోపం రాలేదు. స్టూలు మీద కూర్చున్నాడు. శనివారం నుంచి గుండె మీద మోస్తున్న బండరాయిని ఎవరో ఎత్తి పక్కన పెట్టినట్టుంది. వంద మంది అవునన్నచోట కాదన్న చెవి తనది. మంచినీళ్లు అడిగి తాగాడు.

"మరి పెట్టె?" అన్నాడు బాబాయి బెరుగ్గా.

"తర్వాత చెప్తాను. ముందు ఇంకొకటి తేల్చాలి."

గురువారం ఎనిమిదింటికల్లా ఇంజనీరు బల్ల ముందు నిలబడి కాగితం అడిగాడు. మూడో బేరింగు ఒక్కటే కొట్టుకుంటోంది, ఆయిల్ లోపం కాదు, ఇంజన్ విప్పాలి అని రాసి సంతకం పెట్టాడు.

"మొన్న చెప్పలేనన్నారుగా," అన్నాడు ఇంజనీరు.

"మొన్న భయపడ్డాను సార్. చెవి మీద నమ్మకం పోయింది. తప్పు నాదే."

"ఇది బిగింపు దోషమైతే మీ నలుగురిలో ఒకరి మీదికి వస్తుంది. తెలుసుగా?"

"తెలుసు సార్."

తెలుసు గనకే రాత్రంతా ఆలోచించి, ఎవరై ఉంటారో కూడా మనసులో తేల్చుకున్నాడు. ఎడమచేతివాటం ఫిట్టర్. పని చేస్తూ కబుర్లు చెబుతాడు. వాణ్ణి తర్వాత పక్కకి పిలిచి నెమ్మదిగా చెప్పాలి, నలుగురిలో పరువు తీయకూడదు అని మాటలు కూడా కూర్చుకున్నాడు.

విచారణ గంట వాయిదా పడింది. ఇంజన్ కింద ఆయిల్ తొట్టి విప్పారు. ఇంజనీరు, డ్రైవరమ్మ, ఫిట్టర్లు అందరూ వంగి నిలబడ్డారు. మేస్త్రి చక్రాల పలక మీద పడుకుని టార్చి పట్టుకుని లోపలికి జరిగాడు. ఒకటో బేరింగు మెరుస్తోంది, ఆయిల్ తడి ఉంది. రెండోదీ అంతే. మూడోదాని అంచులు నల్లగా కాలి ఉన్నాయి. బేరింగుని పట్టి ఉంచే మూత మీద ఒక అంకె చెక్కి ఉంటుంది. ఆరు మూతల మీదా ఆ అంకె ఒకే వైపుకి ఉండాలి. అయిదింటి మీద అలాగే ఉంది. మూడోదాన్ని తిరగేసి బిగించారు.

టార్చి ఇంకాస్త దగ్గరికి జరిపాడు. ఆ షెడ్డులో ఒక పద్ధతి ఉంది. బోల్టు బిగించిన మనిషి దాని మీద తన రంగు చుక్క పెట్టాలి. నలుగురికి నాలుగు రంగులు. ఎడమచేతివాటం వాడిది ఎరుపు.

మూడో మూత బోల్టుల మీద ఉన్నది ఆకుపచ్చ. అది మేస్త్రిది.

పైన నిలబడ్డవాళ్లకి బూట్లు మాత్రమే కనిపిస్తున్నాయి. "ఏమైంది?" అని ఇంజనీరు రెండుసార్లు అడిగాడు. పలక జరిగి మేస్త్రి మొహం బయటికి వచ్చేసరికి దాని మీద, ఎవరూ అనుకోని విధంగా, చిరునవ్వు ఉంది.

"మూడోదే సార్. మూత తిరగబడింది. బిగించింది నేను. నా పేరే రాయండి."

ఎడమచేతివాటం ఫిట్టర్ తన ఎర్రరంగు డబ్బావైపు ఒకసారి చూసుకుని గట్టిగా ఊపిరి వదిలాడు.

"నవ్వుతున్నారేంటి?" అన్నాడు ఇంజనీరు.

"చెవి పోయిందనుకున్నాను సార్. చెవి బాగానే ఉంది. చెయ్యి తప్పింది. చేతిని సరిచేసుకోవచ్చు."

ఇంజనీరు డ్రైవరమ్మ మీద విచారణ కొట్టేసి, మెమో ఇచ్చాడు. మేస్త్రి నిలబడే సంతకం పెట్టాడు. షెడ్డు ఖాళీ అయ్యాక కూడా డ్రైవరమ్మ అక్కడే ఉంది.

"మీరు బిగించిందేనా?"

"నేనేనమ్మా."

"మూడు రాత్రులు నిద్ర లేదు నాకు. మా అమ్మాయికి చెప్పలేక, ఊరికే తలనొప్పి అని చెప్పాను."

మేస్త్రి చేతిలో ఉన్న గుడ్డని మడిచి, విప్పి, మళ్లీ మడిచాడు. "తప్పేనమ్మా," అన్నాడు. "బిగించినదానికన్నా సోమవారం నోరు మూసుకున్నదే పెద్ద తప్పు."

ఆవిడ టోపీ పెట్టుకుంది. షెడ్డు బయటికి నడిచింది.

శనివారం కొట్టుకి వెళ్తే బాబాయి తలుపు మీద కాగితం అంటించి ఉంచాడు. పెట్టె కొన్నవాళ్లు మళ్లీ వచ్చి వినవచ్చు, వద్దనుకుంటే తిరిగి ఇచ్చేయవచ్చు అని. ఒకరిద్దరు వచ్చారట. ఒకాయన వాపసు ఇచ్చేశాడట కూడా. రెండో డిస్కు నాలుగో పాటలో లోపం ఉందని.

"ఏం లోపం?"

"నువ్వే విను."

ఆ పాట మేస్త్రికి కంఠతా వచ్చు. అందులో సగం దూరం వెళ్లాక ఒకచోట అంతా ఆగిపోతుంది. గుండె ఒకసారి కొట్టుకునేంతసేపు ఏమీ ఉండదు. తర్వాత నలుగురూ కలిసి విరుచుకుపడతారు. ముప్ఫై ఏళ్లుగా ఆ ఖాళీ దగ్గరే అతనికి ఒళ్లు గగుర్పొడుస్తుంది. పాతది పెట్టించి విన్నాడు, అలాగే ఉంది. కొత్తది పెట్టాడు బాబాయి.

ఖాళీ వచ్చింది. ఆ ఖాళీలో కర్ర ఒకటి చెక్క నేల మీద పడి దొర్లింది. డ్రమ్ములు వాయించేవాడి చెయ్యి జారింది. గిటారు అరఅడుగు ముందుకి వేసి ఆగింది, వాడికోసం. ఎవరో ఊపిరి బిగబట్టారు. ఇంకో కర్ర అందుకున్న చప్పుడు. అప్పుడు నలుగురూ కలిసి విరుచుకుపడ్డారు.

"ఇన్నేళ్లూ కావాలని ఆపారనుకున్నాను," అన్నాడు మేస్త్రి మెల్లగా.

"తప్పు జరిగింది, పాతదాంట్లో అది మరుగున పడిపోయింది. మెరుగు పెట్టినవాళ్లు దాన్ని తీసెయ్యాలి కదా, వదిలేశారు," అన్నాడు బాబాయి నొచ్చుకుంటూ. "ఇంత ధర పెట్టి తప్పుల్ని ఎవరు కొంటారు?"

మేస్త్రి ఫొటోల పుస్తకం తీసి ఆ పాట ఉన్న పేజీ చూశాడు. డ్రమ్ములు వాయించినతని పేరు మిగతా ముగ్గురి పేర్లంత పెద్ద అక్షరాల్లోనే ఉంది.

"కట్టు బాబాయ్," అన్నాడు.

పెట్టె అనుకున్నదానికన్నా బరువుగా ఉంది. స్టాపులో పది నిమిషాలు నిలబడితే ఇరవై ఏడో రూటు బస్సు వచ్చింది. వేరే బండి ఇచ్చారు. డ్రైవరమ్మ అతన్ని చూసింది, పెట్టెని చూసింది. అతను ఎక్కి, ఆవిడ వెనక సీట్లో పెట్టెని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. పలకరించాలా వద్దా అని తేల్చుకునేలోపే ఆవిడ అద్దంలోంచి అడిగింది.

"ఈ బండి ఇంజన్ ఎవరు బిగించారు మేస్త్రీ గారూ?"

"నేనేనమ్మా. పోయిన నెల."

ఆవిడ బ్రేకు మీద నుంచి కాలు తియ్యలేదు. "అయితే ఒకసారి సరిగ్గా విని చెప్పండి. అప్పుడే కదులుతాను."

వెనక కూర్చున్నవాళ్లు బండి ఎందుకు ఆగిందా అని తొంగిచూశారు. అద్దంలో ఆవిడ కళ్లు నవ్వుతున్నాయి. మేస్త్రి పెట్టెని పక్కన పెట్టి, ముందుకి వంగి, ఇంజన్ మూత మీద అరచెయ్యి ఆనించి, చెవి దగ్గరికి పెట్టి కళ్లు మూసుకున్నాడు. ఒకటి, రెండు, మూడు అని వరసగా ఆరూ విన్నాడు.

"బాగుందమ్మా," అన్నాడు. "పోనివ్వండి."